కర్నూలు వన్ టౌన్ ఉదయపు నడక: బురుజు కథ నిండుగా, నీళ్ల కథ సగమే

కర్నూలుకు సముద్రం లేదు. ఉన్నవి రెండు ఒడ్లు: ఒకటి తుంగభద్రది, ఇంకోటి హంద్రీది. వన్ టౌన్ ఆ రెండు నీళ్ల మధ్య పెరిగిన పేట. కొండారెడ్డి బురుజు నుంచి హంద్రీ ఒడ్డున ఉన్న గోల్ గుమ్మజ్ అనే పాత సమాధి దాకా ఆదివారాల్లో ఒక గైడు నడిపించే ఈ నడకకు మనిషికి 150 రూపాయలు. ఉదయం 6కు మొదలై 8:30కు అయిపోతుంది. పెట్టిన డబ్బుకు తగినదే. కాకపోతే చెప్పాల్సిన ముఖ్యమైన సంగతులే కొన్ని వదిలేస్తున్నారు.

ముందు బాగున్నది. కర్నూలు పాతపేరు కందెనవోలు. అలంపురం గుళ్లకు రాళ్లు మోసే బండ్లు నది దాటబోయే ముందు ఇక్కడ ఆగి కందెన వేసుకునేవని స్థలపురాణం. ఆ కందెన ఏమిటో గైడు చూపించే తీరు చాలా బాగుంది. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి, వెదురు గొట్టంలో పోసి తెస్తాడు. చిన్న పుల్లతో తీసి పాత బండి ఇరుసుకు పూస్తాడు. పూయకముందు చక్రం తిప్పితే కీచుమంటుంది, పూశాక చప్పుడుండదు. నదిలో దిగిన బండికి ఇసుక అంటుకుంటే ఆ జిడ్డే ఇరుసును అరగదీస్తుంది, అందుకే తుడిచి మళ్లీ పూయాలి అని కూడా చెబుతాడు. ఊరి పేరు పిల్లలకు గుర్తుండిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

బురుజు దగ్గర మాత్రం ఒక పొరపాటు జరుగుతోంది. ఇక్కణ్ణించి గద్వాలకు సొరంగం ఉందన్న మాటను చరిత్రలాగే చెప్పేస్తున్నారు. గద్వాల నదికి అవతల, 50 కిలోమీటర్ల పైనే. నది అడుగున తవ్వుతూ ఊట నీళ్లను రాత్రింబవళ్లు తోడాలంటే ఎలా కుదురుతుంది? "అని చెప్పుకుంటారు" అన్న ఒక్క మాట చేరిస్తే చాలు. విజయనగర అచ్యుతరాయల కాలపు కోటలో మిగిలిన ముక్క ఇది. ఆ నిజానికి ఉన్న గొప్పతనం చాలదా?

అసలు లోటు నీళ్ల దగ్గరే. 2009 అక్టోబరు వరద గురించి రెండు ముక్కలతో సరిపెడుతున్నారు. పాత ఊరు ఎందుకంత మునిగిందో చెప్పాలి కదా. కింద శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు దాటి నిండింది, వెనుక నీరు పైకి ఎగదన్నింది. తుంగభద్ర పొంగి ఉన్నప్పుడు హంద్రీ నీటికి అందులో కలిసే దారే లేదు. అది వెనక్కి తిరిగి పేటలోకి వచ్చింది. నీళ్లు రెండు వైపుల నుంచీ రావడానికి కారణం అదే. హంద్రీ గట్టు మీద నిలబెట్టి చెబితే పది నిమిషాల్లో అర్థమవుతుంది.

కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) మాటే లేదు. 1863లో పని మొదలుపెట్టి 1870 నాటికి తవ్వారు. పొలాలకే కాదు, పడవలకు కూడా పనికొస్తుందనుకుని మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పెట్టుబడి పెట్టింది. లాభం రాక 1882లో ప్రభుత్వానికి అమ్మేసింది. ఆ కాలువ హంద్రీని దాటే అక్విడక్టు, అంటే కాలువ నీళ్లను నది మీదుగా దాటించే వంతెన, ఊళ్లోనే ఉంది. 1839లో ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ బ్రిటిషు వాళ్లకు చిక్కిన జొహరాపురం ఊసూ ఎత్తరు. 1953 నుంచి 1956 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న సంగతి, డేరాల్లో నడిచిన ఆఫీసుల సంగతి మాత్రం చక్కగా చెబుతారు.

వెళ్లేవాళ్లకు: పదిమందికి మించిన గుంపులో చేరకండి, 7:30 దాటితే ఆటోల మోతలో వెనకున్నవాళ్లకు మాట వినపడదు. జారని చెప్పులు, లీటరు నీళ్లు తప్పనిసరి. మార్చి నుంచి జూన్ దాకా 8కే రాయి కాలుతుంది, నవంబరు నుంచి ఫిబ్రవరి మేలు. ఉగ్గాని, బజ్జీ నడక అయ్యాకే తినండి. తర్వాత ఓపికుంటే ఆటో మాట్లాడుకుని అక్విడక్టు దాకా వెళ్లి, కింద హంద్రీనీ పైన కాలువనూ ఒకేచోట చూసి రండి.