దుకాణంలో 160 పౌండ్లు, మ్యూజియంలో సున్నా

పద్దెనిమిదో శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు పిరనేసీ గీసిన పాత రోమన్ కలశాల ఎచింగులు (ఆమ్లంతో గీతలు చెక్కిన రాగిరేకు నుంచి తీసే ప్రింట్లు) లండన్‌లో చూడాలనుకునేవాళ్లు ముందు మ్యూజియంకి వెళ్లండి, దుకాణానికి తర్వాత. మేం తిరగేసి చేశాం. "అసలు పద్దెనిమిదో శతాబ్దం సరుకండీ" అన్న ప్రింటుకి 160 పౌండ్లు కట్టి, హోటల్లో పది రెట్ల భూతద్దం పెడితే గీతలన్నీ చుక్కలుగా విడిపోయాయి. ఫోటో తీసి అచ్చేసిన కాగితం!

ఎచింగ్‌లో చుక్కలుండవు. రాగిరేకుకి మైనం పూసి సూదితో గీస్తారు, గీసినచోట ఆమ్లం రాగిని తింటుంది. ఆ గాడిలో సిరా నింపి, తడి కాగితం పరిచి ప్రెస్సులో నొక్కుతారు. అందుకే ముదురు గీతల్లో సిరా కాస్త ఉబ్బి ఉంటుంది. కాగితాన్ని ఏటవాలు వెలుతురులో పెడితే తెలుస్తుంది. బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కు కూడా ఉండాలి. అదొక్కటే చూసి మోసపోకండి, నకళ్లకీ విడిగా నొక్కు వేస్తారు. వెలుతురుకి ఎత్తి పడితే పాత చేతి కాగితంలో సన్నటి జల్లెడ గీతలు కనిపిస్తాయి.

ఇంకో చిక్కుంది. 1778లో పిరనేసీ పోయినా రేకులు ఆగలేదు. కొడుకులు పారిస్‌కి తీసుకెళ్లారు, 1830లలో అక్కడ మళ్లీ అచ్చయ్యాయి, తర్వాత రోమ్ చేరాయి. ఆ ముద్రలు దొంగ సరుకు కాదు. కానీ రేకు అరిగి నీడలు పలచబడతాయి కాబట్టి తొలి ముద్రల ధర పెట్టొద్దు.

ఇక బ్రిటిష్ మ్యూజియం. ప్రింట్ల స్టడీ రూమ్‌కి ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. పెన్ను పనికిరాదు, పెన్సిలే. రుసుము లేదు. ప్రింటు అడుగున ఉన్న రాత వదలకండి: కలశం ఎక్కడ దొరికింది, ఎవరి దగ్గరుంది, ఏ దొరకి అంకితం. పిరనేసీ పాత ముక్కల్ని అతికి అమ్మే వ్యాపారి కూడా. చూడ్డానికి శాసనంలా ఉన్నా, నా లెక్కలో అది అమ్మకపు కరపత్రం.

అది చూశాకే ఒకటో నంబరు గదికి దిగండి. రోమ్ దగ్గర హేడ్రియన్ చక్రవర్తి విల్లాలో దొరికిన ముక్కలతో పిరనేసీ కట్టించిన పాలరాతి కలశం అక్కడుంది, ఎత్తు సుమారు 2.7 మీటర్లు. కాగితం మీద పాత రాయీ కొత్త రాయీ ఒకే సిరా. ఇక్కడైతే చుట్టూ తిరిగి అతుకులు వెతుక్కోవచ్చు. ప్రింట్ల దగ్గర అరగంటకే విసుక్కున్న వదిన, దీని ముందు నుంచి ఓ పట్టాన కదల్లేదు.

గ్లాస్గో దాకా వెళ్తే బరెల్ కలెక్షన్‌లో పిరనేసీ ఎచింగులకెక్కిన మరో పాత రోమన్ పాలరాతి పాత్ర, వార్విక్ కలశం ఉంది. అక్కడా టికెట్ లేదు.