వక్కల దీవిలో మూడు రాత్రులు: ఒక టూరుకి రెండు స్టార్లు, ఒక సిటీ బస్సుకి అయిదు

మలేషియాలోని పినాంగ్ దీవిలో మేం డబ్బు కట్టి ఎక్కిన ఒక్కరోజు కారు టూరుకి నేనిచ్చింది రెండు స్టార్లు. కంపెనీ పేరు మాత్రం రాయను. దానికో కారణం ఉంది, చివర్లో చెప్తాను.

మేమంటే నేను, మా అమ్మ. నేను విశాఖలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. అమ్మకి డెబ్బై ఒకటి, పుట్టింది శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం పక్కన. కుడి మోకాలు నొప్పి, రోజుకి నాలుగుసార్లు తాంబూలం, చేప లేకపోతే ముద్ద దిగదు. ఈ మూడింటినీ లెక్కలో పెట్టుకునే ట్రిప్పు వేశాను.

కాగితాల పని పెద్దగా లేదు. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి 2026 డిసెంబరు చివరిదాకా మలేషియాకి వీసా అక్కర్లేదు, 30 రోజుల వరకు ఉండొచ్చు. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి. రింగిట్ అంటే మన డబ్బుల్లో 20 రూపాయల పైచిలుకు.

కౌలాలంపూర్ నుంచి పినాంగ్‌కి విమానం ఉంది. మేం మాత్రం రైలెక్కాం. నాలుగు గంటల పైన ప్రయాణం చేసి బటర్‌వర్త్‌లో దిగితే, స్టేషను పక్కనే ఫెర్రీ. మనిషికి 2 రింగిట్లు, కార్డు ఆనిస్తే గేటు తెరుచుకుంది. పావుగంట కూడా పట్టదు. కానీ దీవికి నీళ్ల మీద నుంచి చేరితేనే అది దీవి అని తెలుస్తుంది. ఎదురుగా పాత ఓడరేవు భవనాలు, వాటి వెనక టవర్లు, ఆ వెనక మబ్బులో సగం మునిగిన కొండ. అమ్మ రెయిలింగు పట్టుకుని "భీమిలి నుంచి విశాఖ చూస్తున్నట్టుందే" అంది. నాకలా అనిపించలేదు గానీ ఊరుకున్నాను.

దీవిలోని ముఖ్య పట్టణం జార్జ్‌టౌన్ పాత బస్తీలోనే, లిటిల్ ఇండియాకి అయిదు నిమిషాల నడకలో గది తీసుకున్నాం. బీచి కావాలనుకునేవాళ్లు బటు ఫెరింగీలో దిగుతారు. మాకు విశాఖలో బీచి ఉంది. రెండు రోజుల కోసం వెళ్లి రోజూ బస్సులో గంట పోగొట్టుకోవడం దేనికి? పాత బస్తీలో తిరిగే క్యాట్ అనే బస్సుకి టికెట్టే లేదు. అమ్మ మోకాలికి అది దేవుడిచ్చిన వరం.

హోటల్లో కుర్రాడు అమ్మ చేతిసంచిలోంచి బయటికొచ్చిన వక్కపలుకులు చూసి నవ్వాడు. "పినాంగ్" అన్నాడు వాటినే చూపించి. మలయ్‌లో పినాంగ్ అంటే వక్క, పులావ్ పినాంగ్ అంటే వక్కల దీవి. ఆ మాట చెప్పగానే అమ్మ "అయితే మరి ఆకు ఏ ఊర్లో దొరుకుతాదో అడుగు" అంది.

ఇప్పుడు టూరు సంగతి. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా, ఇద్దరికీ కలిపి 280 రింగిట్లు. బుకింగ్ పేజీలో పెద్ద అక్షరాలతో కెక్ లోక్ సీ అనే చైనా బౌద్ధ గుడి, పినాంగ్ హిల్, ఇంకో రెండు బుద్ధ ఆలయాలు, గోడబొమ్మలు, నీళ్లలో కర్రల మీద ఇళ్లుండే క్లాన్ జెట్టీ. ఎనిమిది గంటల్లో ఇన్ని ఎలా అని నేనే అడిగి ఉండాల్సింది. టూరంతా నేను టైము రాసుకున్నాను (లాబ్ రికార్డులు దిద్దేవాళ్ల జబ్బు ఇది). చాక్లెట్ షాపులో 40 నిమిషాలు. కాఫీ పొడి షాపులో 35. జాజికాయ నూనె, పులిబొమ్మ డబ్బాలో బామ్ అమ్మే చోట అరగంట. రాళ్ల నగల షోరూము దగ్గర 45. అంటే రెండున్నర గంటలు మేం కొనని వస్తువుల దగ్గరే పోయాయి. ప్రతి షాపులోనూ చొక్కా మీద స్టిక్కరు అంటిస్తారు, దాని మీద నంబరు ఉంటుంది. ఆ నంబరు ఎవరి కమీషన్ లెక్కకో చెప్పక్కర్లేదు.

చూడాల్సిన వాటికి మిగిలిందెంత? లొరాంగ్ బర్మాలో థాయ్ గుడి, బర్మా గుడి ఎదురెదురుగా ఉంటాయి. బర్మా గుడి 1803 నాటిది. థాయ్ గుడిలో 33 మీటర్ల పొడవున బుద్ధుడు పడుకుని ఉంటాడు. రెండింటికీ కలిపి 20 నిమిషాలు. చెప్పులు విప్పి తొడుక్కోవడానికే అమ్మకి అందులో పావు వంతు పోయింది. ఆర్మేనియన్ వీధిలో గోడ మీద ఇద్దరు పిల్లల బొమ్మ, ఆ గోడకే బిగించిన నిజం సైకిలు ఉన్నాయి. లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్ జకారెవిచ్ 2012లో వేశాడు. అక్కడ ఫొటో కోసం క్యూ, మా వంతు వచ్చేసరికి టైమైపోయింది. ఇక పినాంగ్ హిల్ అయితే "ఫొటో స్టాప్" అట. అంటే కొండ కింద స్టేషను బోర్డు దగ్గర ఫొటో దిగి కారెక్కడం. ఇది పేజీలో ఉందా అంటే ఉంది, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో.

కెక్ లోక్ సీకి 45 నిమిషాలిచ్చారు. అది గుడి కాదు, కొండ మీద ఒక ఊరు. 1930లో పూర్తయిన ఏడంతస్తుల పగోడా అడుగు చైనా పద్ధతి, నడుం థాయ్, తల బర్మా. పైన కరుణాదేవి క్వాన్ యిన్ 30 మీటర్ల కంచు విగ్రహం. అమ్మ తాబేళ్ల కొలను దాటి పది మెట్లెక్కి, గోడకి ఆనుకుని "నువ్వెళ్లి చూసి రా, నేనిక్కడే ఉంటాను" అంది. ఆరు వేల రూపాయల దాకా పోసి, అమ్మని తీసుకొచ్చింది తాబేళ్లు చూపించడానికా అని నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు 204 నంబరు బస్సెక్కాం. జెట్టీ దగ్గర బయల్దేరి, కోమ్తార్ మీదుగా ఎయిర్ ఇటమ్ వెళ్లి పినాంగ్ హిల్ కింద ఆగుతుంది. మనిషికి రెండు రింగిట్లయింది. చిల్లర తిరిగివ్వరు, సరిపడా నోట్లు దగ్గరుండాలి. ఏసీ బస్సు. ఎక్కగానే స్కూలు పిల్ల ఒకతి అమ్మకి సీటిచ్చింది.

పొద్దున్నే హిల్ ఎక్కడం మంచిదైంది. విదేశీ పెద్దలకి రానూపోనూ 30 రింగిట్లు. కొండమీదికి తాడు లాగే రైలు 1923 నుంచీ ఉంది, ఇప్పుడున్న పెట్టెలు 2011లో వచ్చాయి. మధ్యలో సొరంగంలో నిటారుగా ఎక్కుతుంటే అమ్మ నా మణికట్టు వదల్లేదు. పైన 700 మీటర్ల పైచిలుకు ఎత్తున, మురుగన్ గుడీ మసీదూ పక్కపక్కనే. చల్లటి గాలి. కింద సముద్రం మీద రెండు వంతెనలు. 1985 నాటిది దగ్గరగా, 2014లో తెరిచిన పొడవాటిది మంచులో దారప్పోగులా. అమ్మ అక్కడ బెంచీ మీద గంటన్నర కూర్చుంది. ఎవరూ స్టిక్కరు అంటించలేదు.

తిరుగు దారిలో ఎయిర్ ఇటమ్‌లో దిగి బజారులో అసం లక్సా తిన్నాం. ఇది కాస్త వివరంగా చెప్పాలి. అసం అంటే పులుపు, చింతపండే. చేపని ఉడికించి, ముళ్లు తీసి, చిదిమి, చింతపులుసులో కలిపి కాస్తారు. లావుపాటి బియ్యప్పిండి సేమ్యా మీద ఆ పులుసు పోసి, పైన దోసకాయ, ఉల్లిపాయ, అనాసపండు, పుదీనా, సన్నగా తరిగిన గులాబీరంగు పువ్వు వేస్తారు. చెంచాతో నల్లటి రొయ్యల ముద్ద విడిగా ఇస్తారు. వేసే చేప ఇకాన్ కెంబుంగ్. నేను ముక్కని చెంచాలోకి తీసి చూశాను. మన కానాగంత జాతే! దాని శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. విశాఖ తీరం చేపల మీద పరిశోధన చేసిన పాట్రిక్ రస్సెల్ మన జాలర్లు పిలిచే పేరునే 1803లో పుస్తకానికెక్కించాడు, అదే లాటిన్ పేరులో స్థిరపడిపోయింది. ఏటా క్లాసులో ఈ ముక్క చెప్తాను, పిల్లలు ఆవలిస్తారు. ఆ చేప, ఆ పులుసు ఇక్కడ ప్లాస్టిక్ గిన్నెలో కనిపిస్తే నాకు నవ్వాగలేదు.

అమ్మ తీర్పు: "పులుపు సరిపోనాది. కారం ఇంకొంచెం పడాలి. పులుసులో ఈ దారాలేటే? అన్నం పెడితే ఏటి పోయింది ఈళ్లకి?" అంటూనే గిన్నె ఖాళీ చేసింది. ఆ పువ్వు మాత్రం తీసి పక్కన పెట్టింది. సబ్బు వాసనట. ఆమెతో నేను ఏకీభవించను, పులుసుకి అందం ఆ పువ్వే. రొయ్యల ముద్ద కొంచెం కొంచెంగా కలుపుకోండి, మొత్తం ఒకేసారి వేస్తే ఇక వేరే రుచి తెలియదు.

తర్వాత కెక్ లోక్ సీకి మళ్లీ వెళ్లాం. ఈసారి హడావుడి లేదు కాబట్టి మెట్టుకో నిమిషం ఆగుతూ ఎక్కాం. పై విగ్రహం దగ్గరికి వాలు లిఫ్టు ఉంది, చిన్న టికెట్టు. అది ముందురోజు మాకెవరూ చెప్పలేదు.

అన్నం కోసం రాత్రి క్యాంప్‌బెల్ వీధిలో 1907 నుంచి ఉన్న హమీదియా అనే భోజన హోటల్‌కి వెళ్లాం. నాసి కందార్. నాసి అంటే అన్నం, కందార్ అంటే కావిడి. తమిళ ముస్లింలు పూర్వం కావిడికి ఓవైపు అన్నం, ఓవైపు కూర వేలాడదీసుకుని రేవు కూలీలకి అమ్మేవాళ్లట. ఇప్పుడు కావిడి లేదు, క్యూ ఉంది. వేలితో చూపించిన కూరముక్క పెట్టి, నాలుగు రకాల పులుసులు ఒకదాని మీద ఒకటి పోసేస్తారు. వద్దంటే ముందే చెప్పాలి. అమ్మ చెప్పలేదు, కానీ ఫిర్యాదూ చెయ్యలేదు. పక్కా శాకాహారులు అక్కడ ఇబ్బంది పడతారు, వాళ్లకి లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనాలున్నాయి. టీ చెప్పేటప్పుడు "కురాంగ్ మానిస్" అనండి, తీపి తగ్గిస్తారు. అలా అన్నాక కూడా మనకి సరిపోయేంత తీపి ఉంటుంది.

ఆఖరి ఉదయం కపితాన్ కెలింగ్ మసీదు వీధి. కిలోమీటరు కూడా లేని నడకలో 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, చైనావాళ్ల కరుణాదేవి గుడి, 1833 నాటి మహామారియమ్మన్ కోవెల, 1801లో మొదలైన మసీదు. ఒకచోట అగరొత్తుల పొగ, పది అడుగులు వేస్తే మల్లెపూలు. ఆ మసీదు పేరులోని కెలింగ్ అనే మాట కళింగ నుంచి వచ్చిందే. దక్షిణాది నుంచి వచ్చిన వాళ్లందరినీ ఒకప్పుడు అక్కడ ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. ఇప్పుడు మనిషిని అలా పిలిస్తే అవమానం, అక్కడ ఎవరి దగ్గరా ఆ మాట వాడకండి. మసీదుకీ వీధికీ మాత్రం ఆ పేరుంది. కళింగపట్నం పక్కన పుట్టిన మనిషి వీధి బోర్డు కింద నిలబడితే ఫొటో తీశాను. ట్రిప్పు మొత్తంలో అమ్మ అడిగి మరీ తీయించుకున్న ఫొటో అదొక్కటే.

చ్యూ జెట్టీ కూడా తీరిగ్గా చూడండి. నీళ్లలో కర్రల మీద ఇళ్లు, జెట్టీకో ఇంటిపేరు. ఒక జెట్టీలో అందరూ చ్యూలు, పక్కదాన్లో లిమ్‌లు. మన ఊళ్లలో ఒకే ఇంటిపేరు వాళ్ల వీధి ఉన్నట్టే. మనుషులు కాపురం ఉంటున్న ఇళ్లవి, కిటికీల్లోకి ఫోను పెట్టకండి.

ఇక ఆ రెండు స్టార్లు. టూరు డ్రైవరు అరవై దాటిన తమిళాయన. తాబేళ్ల కొలను దగ్గర అమ్మ ఆగిపోతే, ఎక్కణ్నించో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. నాలుగో షాపు దగ్గర మేం దిగనంటే బతిమాలలేదు, ఏసీ ఆన్‌లో ఉంచి ఆయన మాత్రం బయట నిలబడ్డాడు. సాయంత్రం హోటల్ ముందు దింపుతూ, ఫోను జేబులో పెట్టుకుని, చిన్న గొంతుతో "రేపు 204 ఎక్కి మళ్లీ పోండి, నింపాదిగా" అన్నాడు.

ఇంటికొచ్చిన వారానికి కంపెనీ నుంచి మెసేజ్. అయిదు స్టార్లిస్తే మళ్లీ బుక్ చేసినప్పుడు తగ్గింపట. డ్రైవరుకి విడిగా మార్కులేసే చోటు ఆ ఫారంలో లేదు. రెండు పెట్టి, కింద "డ్రైవరు చాలా మంచివాడు" అని మాత్రం రాశాను. బస్సు నంబరు సంగతి అందులో రాయలేదు. అది చదివితే వాళ్లు ఆయన్ని ఏం అంటారో అని భయం. కంపెనీ పేరు ఇక్కడ రాయకపోవడానికీ అదే కారణం.