పండ్ల బుట్టలు ఆర్డర్ పెట్టేవాళ్లు జాగ్రత్త: "రెండు రోజులు ఉంచండి, మగ్గుతుంది" అన్న మాట నమ్మి నష్టపోయాను

విజయవాడలో వాట్సాప్ ఆఫర్లు చూసి పండ్లు తెప్పించుకునేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. దసరాకి నాకు జరిగింది ఇది. ఇన్నాళ్లూ ఊరుకున్నాను గానీ, అప్పుడు నాకు బుట్ట అమ్మిన నంబరు నుంచే నిన్న "కార్తీకమాసం స్పెషల్ హెల్తీ బుట్ట" అని మళ్లీ మెసేజ్ వచ్చింది. మా అపార్ట్‌మెంట్‌లో అప్పుడే ఇద్దరు డబ్బులు పంపేశారని తెలిసింది. ఇంకెవరూ నాలా ఇబ్బంది పడకూడదని రాస్తున్నాను.

మా ఇంట్లో నవరాత్రుల్లో రోజూ ఏదో ఒక నైవేద్యం, సాయంత్రం ముత్తైదువులకి తాంబూలం ఉంటాయి. ఈసారి అరటిపళ్లకి తోడు పియర్స్, పైనాపిల్ పెడదామనుకున్నాను. మా అమ్మకి షుగర్. జ్యూస్ మానేసి పండునే కొద్దిగా, తొక్కతో తినమని డాక్టరు గారు చెప్పారు. పియర్స్‌లో వంద గ్రాములకి మూడు గ్రాముల దాకా పీచు ఉంటుంది, అందులో కొంత తొక్కలోనే. అమ్మ వాటిని ఇప్పటికీ బేరిపళ్లనే అంటుంది. గట్టిగా ఉన్నవి దొరికితే పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి దోసకాయ పచ్చడిలాగే ముక్కల పచ్చడి చేస్తుంది. వేడన్నంలోకి చాలా బాగుంటుంది. పైనాపిల్ నాకు కేసరికి, పులుసుకి కావాలి. కాశ్మీరు, హిమాచల్ పియర్స్ వానాకాలంలో మొదలై దసరా నాటికి మన మార్కెట్లో బాగానే దొరుకుతాయి కాబట్టి, పండగ రద్దీలో బజారుకి వెళ్లే పని తప్పుతుందని ఆర్డర్ పెట్టాను.

బుట్ట ధర 1,250 రూపాయలు, ముందే ఫోన్‌లో పంపాలి. రెండు కిలోల "ఇంపోర్టెడ్" పియర్స్, మూడు పైనాపిల్స్, కోసిన పైనాపిల్ ముక్కల డబ్బా ఒకటి ఉచితం అన్నారు. మూలా నక్షత్రం ముందు రోజు సాయంత్రం బుట్ట వచ్చింది. ఎర్ర రిబ్బన్, కింద గడ్డి, పైన మెరిసిపోతున్న పియర్స్, ఒక్కొక్కదానికీ స్టిక్కరు. పైనాపిల్స్ అయితే బంగారు రంగులో ఉన్నాయి. చూడగానే నాకు చాలా సంతోషమేసింది.

మర్నాడు పొద్దున కేసరి కోసం ఒక పైనాపిల్ కోశాను. పైన అంత పసుపు, లోపల తెల్లగా ఉంది. నోట్లో పెట్టుకుంటే పుల్లగా, పచ్చివాసన. వెంటనే బుట్ట అమ్మినతనికి ఫోన్ చేశాను. "మేడమ్, ఇంకా పండలేదు, రెండు రోజులు బయట ఉంచండి, మగ్గిపోతుంది" అన్నాడు. పియర్స్ కూడా రాయిలా ఉన్నాయంటే వాటికీ అదే మాట. నమ్మి ఉంచాను. రెండో రోజుకి పియర్స్ పైకి బాగానే కనిపించాయి. వాటినే తాంబూలంలో పెట్టి ఐదుగురికి ఇచ్చాను. మూడో రోజు పక్కింటి పిన్నిగారు వచ్చి, "ఏమీ అనుకోకమ్మా, పండు కోస్తే లోపలంతా గోధుమరంగు తిరిగి ఉంది, నువ్వు చూసుకున్నావో లేదో అని చెబుతున్నా" అన్నారు. నాకు తల ఎత్తుకోవాలనిపించలేదు. అమ్మవారి పేరు చెప్పి ఇంటికొచ్చిన వాళ్ల చేతిలో పాడైన పండు పెట్టానే అన్న బాధ ఇప్పటికీ ఉంది. ఇంట్లో మిగిలినవి కోస్తే ఎనిమిదింటిలో ఆరింటికి గింజల చుట్టూ గోధుమరంగే. మిగతా రెండు పైనాపిల్స్ కూడా కోశాను. ఒకటి మొదటిదానిలాగే పచ్చిది. రెండోదానికి నడిమి బొడ్డు చుట్టూ నల్లటి మచ్చలు.

మళ్లీ ఫోన్ చేస్తే "రిటర్న్ 24 గంటల్లోపే మేడమ్, ఆఫర్ ఫోటో కింద రాశాం కదా" అన్నాడు. రెండు రోజులు ఉంచమని చెప్పిందే అతను! గడువు దాటించడానికే ఆ మాట చెప్పాడని అప్పుడు అర్థమైంది.

ఇక్కడే మీరందరూ తెలుసుకోవాల్సిన విషయం ఉంది. ఆ మాట పియర్స్‌కి నిజం, పైనాపిల్‌కి అబద్ధం. పియర్స్‌ని చెట్టు మీద గట్టిగా ఉన్నప్పుడే కోస్తారు, తర్వాతే మగ్గుతాయి. అరటిపళ్లతో కలిపి కాగితం సంచిలో పెడితే ఇంకా త్వరగా మగ్గుతాయి. పైనాపిల్ అలా కాదు. మొక్క నుంచి కోసిన రోజు ఎంత తీపి ఉందో అంతే, తర్వాత ఒక్క పిసరు కూడా పెరగదు. ఎన్ని రోజులు ఉంచినా తొక్క రంగు మారుతుంది, పండు మెత్తబడి పులిసిపోతుంది, అంతే. ఎథిఫాన్ లాంటి మందు కొడితే పచ్చికాయ తొక్క కూడా పసుపెక్కుతుంది గానీ లోపలికి తీపి రాదు. నాకొచ్చిన వాటికి మందు కొట్టారని నేను అనడం లేదు, నా దగ్గర రుజువు లేదు. రంగు చూసి తీపి అనుకోవద్దని మాత్రం చెబుతున్నాను. కార్బైడ్‌తో పండించడం అయితే మన దేశంలో పూర్తిగా నిషేధం.

నల్ల మచ్చల సంగతి కేదారేశ్వరపేట పండ్ల మార్కెట్లో చాలా ఏళ్లుగా వ్యాపారం చేస్తున్న ఒక పెద్దాయన చెబితే తెలిసింది. గుంటూరులో మిర్చిని కోల్డ్ స్టోరేజీలో దాచినట్టే పియర్స్‌ని సున్నా డిగ్రీల దగ్గర నెలల తరబడి దాస్తారు, తట్టుకుంటాయి. మరీ ఎక్కువ కాలం దాస్తే మాత్రం పైకి తెలియకుండా లోపల గింజల దగ్గర నుంచి పాడవుతాయి. పైనాపిల్ ఉష్ణదేశపు పంట, అంత చలికి ఆగదు. ఏడెనిమిది డిగ్రీల కంటే తక్కువలో కొన్ని రోజులుంచితే బయటికి తీశాక లోపల నల్లబడుతుంది. "రెండిటినీ ఒకే గదిలో పెట్టి ఉంటారమ్మా" అన్నాడాయన. అడగకుండానే ఒక పైనాపిల్ కోసి ముక్క చేతిలో పెట్టి, నచ్చాకే తూకం వేశాడు. ఆ రోజు చేసిన కేసరి అమ్మ రెండుసార్లు అడిగి వేయించుకుంది.

తూకం అంటే గుర్తొచ్చింది. తాంబూలానికి తీసే ముందు నా వంటింటి త్రాసు మీద పెడితే రెండు కిలోల పియర్స్ కిలో 640 గ్రాములే తూగాయి. గడ్డితో సహా తూచారేమో. బుట్ట రాగానే తూచి ఉంటే అప్పుడే తెలిసేది, నేను ఆ పని చేయలేదు.

ఆ ఉచిత డబ్బా గురించి కూడా చెప్పాలి, ముఖ్యంగా ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకి. పుల్లటి పైనాపిల్ ముక్కలు ఆ డబ్బాలో మాత్రం తియ్యగా ఎలా ఉన్నాయా అని చూస్తే అడుగున జిగట నీళ్లు. నాకు తెలిసి అది పంచదార పాకమే. డబ్బా మీద ఏ రోజు కోశారో లేదు, ఏం కలిపారో లేదు, ప్యాక్ చేసి అమ్మే తిండి మీద ఉండాల్సిన 14 అంకెల లైసెన్సు నంబరూ లేదు. అమ్మకి రెండు ముక్కలు పెట్టేశాక గానీ నేను గమనించలేదు. ఆ సాయంత్రమంతా నాకు ఒకటే టెన్షన్.

బుట్ట అమ్మినతను చెప్పిన ఇంకో సాకు: "పెరుగులో కలిపి ఉంటారు మేడమ్, అందుకే చేదొచ్చింది." ఇందులో సగం నిజం ఉంది. ఉడికించని పైనాపిల్‌లో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది పాలలో, పెరుగులో ఉన్న మాంసకృత్తుల్ని విడగొట్టి చేదు తెస్తుంది. అందుకే రైతా చేసేటప్పుడు ముక్కల్ని ముందు ఉడికించి, చల్లారాక కలుపుతాం. కానీ నేను పెరుగు ముట్టుకోనేలేదు, ఉత్త పండు తిని చెప్పాను. పైగా నా ఫిర్యాదు పులుపు గురించి, చేదు గురించి కాదు. సగం తెలిసిన మాటతో మనల్ని తికమక పెట్టడం వీళ్లకి అలవాటులా ఉంది.

స్టిక్కర్ల సంగతి కూడా అడిగి తెలుసుకున్నాను. వాటి మీద ఉండే నాలుగంకెల నంబరు పండు రకాన్ని బట్టి బిల్లు వేసుకోవడానికి. అది నాణ్యతకి హామీ కాదు, విదేశీ పండు అనడానికి రుజువూ కాదు.

ఇప్పుడు నేనైతే బుట్ట రాగానే, తెచ్చిన అబ్బాయి గుమ్మంలో ఉండగానే ఒక పైనాపిల్, ఒక పియర్ కోసి చూస్తాను. వీడియో తీస్తాను. ముందు డబ్బు అడిగితే వద్దంటాను. పియర్ మగ్గిందో లేదో తొడిమ పక్కన మెడ దగ్గర వేలితో మెల్లగా నొక్కి చూడాలి. అది లోపలి నుంచి మగ్గుకుంటూ వస్తుంది, పొట్ట దగ్గర మెత్తబడే దాకా ఆగితే లోపల అప్పటికే దాటిపోతుంది. పైనాపిల్‌ని అడుగున వాసన చూడండి. తియ్యటి వాసన రావాలి, పులిసిన వాసన గానీ బూజు గానీ ఉంటే వదిలేయండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. డబ్బు పంపిన వివరాలు, మెసేజ్‌లు, కోసిన పండ్ల ఫోటోలు అన్నీ దాచి ఉంచాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఇక్కడ పేరు రాయడం లేదు. "వచ్చే ఆర్డర్‌లో 300 తగ్గిస్తాం" అని మెసేజ్ పెట్టాడు, నేను ఒప్పుకోలేదు.

నిన్న వచ్చిన మెసేజ్‌లో ఉన్నది దసరాకి పంపిన ఫోటోనే. ఎర్ర రిబ్బన్, గడ్డి మీద పియర్స్, వెనకాల మూడు పైనాపిల్స్. ధర మాత్రం 1,400 చేశారు. అలాంటి ఫోటో మీకు వస్తే డబ్బు పంపే ముందు నాకు ఒక్క మాట చెప్పండి, నా దగ్గరున్న ఫోటోలు పంపిస్తాను.