డాడ్జర్స్ ఆట: పేపర్లో చదవాలా, రేడియోలో వినాలా, టీవీలో చూడాలా?

న్యూయార్క్‌లోని మూడు బేస్‌బాల్ జట్లూ 1930లలో కూడబలుక్కుని రేడియోని గేటు బయటే ఉంచాయి. ఇంట్లో ఊరికే వినిపిస్తుంటే టికెట్ కొనుక్కుని ఎవరొస్తారని వాటి భయం. 1938 దాకా వాటిలో ఒకటైన బ్రూక్లిన్ డాడ్జర్స్ అభిమానికి మామూలు రోజుల్లో పేపరే గతి. 1939లో డాడ్జర్స్‌ని నడిపే ల్యారీ మెక్‌ఫెయిల్ ఆ ఒప్పందాన్ని పక్కన పడేసి, సిన్సినాటి నుంచి రెడ్ బార్బర్ అనే వ్యాఖ్యాతని తెచ్చుకున్నాడు. అదే ఏడాది ఆగస్టు 26న వాళ్ల సొంత మైదానం ఎబెట్స్ ఫీల్డ్‌లోకి టీవీ కెమెరాలు కూడా వచ్చాయి. మేజర్ లీగ్, అంటే అమెరికా బేస్‌బాల్‌లో పైస్థాయి పోటీ, టీవీలో రావడం అదే మొదలు. ఇలా పేపరూ రేడియో టీవీ మూడూ ఒకే ఏడాది ఒకే మైదానంలో చేరాయి. అందుకే ఈ మూడింట్లో ఏది మేలో తేల్చుకోవడానికి నేను ఈ జట్టునే పట్టుకున్నాను.

టీవీ సంగతి ముందే చెప్పేస్తాను, పెద్దగా లేదు కాబట్టి. ఆ మొదటిరోజు ఉన్నవి రెండే కెమెరాలు. బార్బర్ ముందు మానిటర్ కూడా లేదు, ఏ కెమెరా బొమ్మ వెళ్తోందో ఊహించుకుంటూ మాట్లాడాడు. ఆ తర్వాత టీవీ ఎంతో ఎదిగింది. కానీ 1958లో జట్టు లాస్ ఏంజెలెస్‌కి మారాక యజమాని వాల్టర్ ఒమాలీ మళ్లీ పాత భయంతోనే సొంత మైదానం ఆటల్ని టీవీకి ఇవ్వలేదు. తొలి ఏళ్లలో శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లి ఆడినవి మాత్రం చూపించేవారు. ఒమాలీ పిసినారితనం రేడియోకి బాగా కలిసొచ్చింది.

రేడియోలో ఉన్న చిక్కేమిటంటే, వినేవాడు ఎప్పుడు సెట్ పెడతాడో తెలియదు. పెట్టగానే వాడడిగేది ఒక్కటే: స్కోరెంత? బార్బర్ ఇందుకో ఉపాయం పట్టాడు. గుడ్లు ఉడకబెట్టేటప్పుడు టైం చూసుకునే మూడు నిమిషాల చిన్న ఇసుక గడియారాన్ని బల్లమీద పెట్టుకునేవాడు. ఇసుక కిందికి జారిపోగానే స్కోరు చెప్పి, దాన్ని తిరగేసేవాడు. వినేవాడికి ఇంతకన్నా మర్యాద ఇంకేముంటుంది? మన టీవీ చర్చల్లో ఒక్కడైనా ఇలాంటిది ముందు పెట్టుకుంటే ఎంత బాగుండు.

బార్బర్‌కి ఇంకో నియమం ఉండేది, ఏ జట్టునీ వెనకేసుకు రాకూడదని. 1950లో తన పక్కన చేరిన విన్ స్కల్లీ అనే 22 ఏళ్ల కుర్రాడికి అదే నేర్పాడు. ఆ కుర్రాడు 2016 దాకా, 67 సీజన్లు, అదే జట్టుకి వ్యాఖ్యానం చెప్పాడు. లాస్ ఏంజెలెస్‌లో మొదట్లో ఆడింది కొలీజియం అనే పెద్ద స్టేడియంలో. బేస్‌బాల్ కోసం కట్టింది కాదు, చాలా సీట్లు ఆటకి బాగా దూరం. అందుకని జనం ట్రాన్సిస్టర్లు వెంట తెచ్చుకునేవారు. ఆట కళ్లముందే జరుగుతుంటే చెవిలో స్కల్లీ చెప్పాలి! 1960లో ఒకరోజు, ఫ్రాంక్ సెకరీ అనే అంపైర్ పుట్టినరోజని రేడియోలో చెప్పి, తను మూడు లెక్కపెట్టగానే అందరూ శుభాకాంక్షలు చెప్పమన్నాడు. స్టేడియం మొత్తం ఒక్కసారిగా అరిచింది. పేపర్ ఈ పని ఎలా చేస్తుంది?

అయితే రేడియో వాడి జీతం ఎవరిస్తారు అన్న ప్రశ్న ఒకటుంది. జట్టో, ప్రకటనదారో. విలేఖరులు మాత్రం తక్కువ తిన్నారా అంటే, లేదు. దశాబ్దాల పాటు చాలా పేపర్ల విలేఖరులు జట్టు రైల్లోనే తిరిగారు, జట్టు ఖర్చుతోనే హోటల్లో దిగారు. అయినా వాళ్లలో డైలీ న్యూస్ విలేఖరి డిక్ యంగ్ లాంటివాడు ఆట అవగానే ఆటగాళ్ల గదిలోకి వెళ్లి, అలా ఎందుకాడావని నిలదీసి, రాసేవాడు. మైదానం పైన గదిలో కూర్చున్న వ్యాఖ్యాత గొంతు అంతదూరం పోదు.

1947 ఏప్రిల్ 15ని చూడండి. ఆరోజు జాకీ రాబిన్సన్ డాడ్జర్స్ తరఫున దిగాడు, ఆధునిక మేజర్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడు. బార్బర్ దక్షిణాదిలో పుట్టి పెరిగినవాడు. ఈ సంగతి ముందే తెలిసినప్పుడు ఉద్యోగం మానేద్దామా అనుకున్నాడు. ఆలోచించి చివరికి, అందరు ఆటగాళ్ల గురించి చెప్పినట్టే ఇతని గురించీ చెప్తే చాలనుకుని ఆగాడు. అలాగే చెప్పాడు. గొప్ప పనే, కాదనను. కానీ రాబిన్సన్ రాత్రి ఎక్కడ పడుకోగలిగాడు, ఏ హోటల్ తలుపేసింది అన్నది ఆటలో భాగం కాదు కదా, రేడియోలో ఎలా వస్తుంది?

అది నల్లజాతి పేపర్లలో వచ్చింది. పిట్స్‌బర్గ్ కొరియర్ విలేఖరి వెండెల్ స్మిత్, రాబిన్సన్‌తో కలిసి తిరిగి, అతని పేరు మీద వచ్చే కాలమ్ కూడా తనే రాసిపెట్టాడు. బాల్టిమోర్ ఆఫ్రో-అమెరికన్ విలేఖరి శామ్ లేసీని న్యూ ఆర్లీన్స్‌లో విలేఖరులు కూర్చునే ప్రెస్ బాక్స్‌లోకి రానివ్వకపోతే, కుర్చీ పట్టుకుని దాని పైకప్పు ఎక్కి కూర్చున్నాడు. కాసేపటికి న్యూయార్క్ తెల్ల విలేఖరులు కొందరు పైకొచ్చి పక్కన కూర్చున్నారు, ఎండలో. వీళ్లూ పూర్తిగా స్వతంత్రులేం కాదు. స్మిత్‌కి డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీ కూడా జీతమిచ్చేవాడు. అయినా జట్టు గురించి తెలుసుకోవాలంటే నా ఓటు పేపర్‌కే.

ఆట సంగతి వేరు. 1965 సెప్టెంబర్ 9 రాత్రి, చికాగో కబ్స్ జట్టు మీద డాడ్జర్స్ ఆటగాడు శాండీ కోఫాక్స్ బౌలింగ్‌నే తీసుకోండి. బౌలర్ అనకూడదు, పిచ్చర్ అనాలి. ఎనిమిది ఇన్నింగ్స్ అయ్యేసరికి ఎదుటి జట్టులో ఒక్కడు కూడా మొదటి బేస్ దాకా పోలేదు. తొమ్మిదోదీ అలాగే ముగిస్తే పర్ఫెక్ట్ గేమ్, 27 మందికి 27 మందీ అవుట్. టీవీలో లేదు. స్కల్లీ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో తేదీ చెప్పాడు, మాటిమాటికీ టైం కూడా చెప్పాడు, ఈ రికార్డింగ్ రేపు కోఫాక్స్‌కి ఇవ్వాలని ఉద్దేశం. బంతికీ బంతికీ మధ్య కోఫాక్స్ వెనక్కి జరగడం, ఎడమ చూపుడువేలితో నుదుటి చెమట తీసి ప్యాంటుకి తుడుచుకోవడం, అన్నీ చెప్పాడు. కెమెరా కూడా ఆ వేలిని పట్టుకునేదేమో, కానీ మనం చూసేవాళ్లం కాదు. చివరి బ్యాటర్ హార్వీ క్యూన్ అవుటవగానే స్కల్లీ అరనిమిషానికి పైగా ఊరుకున్నాడు. జనం కేకలు మాత్రమే వినబడ్డాయి.

టీవీకీ ఒక రోజు వచ్చింది. 1988లో ఛాంపియన్ ఎవరో తేల్చే వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో, రెండు కాళ్లూ దెబ్బతిని కుంటుతున్న డాడ్జర్స్ ఆటగాడు కర్క్ గిబ్సన్ బంతిని మైదానం దాటించి హోమ్ రన్ కొట్టినప్పుడు ఎన్‌బీసీలో స్కల్లీ నిమిషం పైనే మౌనంగా ఉన్నాడు, బొమ్మే అంతా చెప్పింది. రేడియోలో జాక్ బక్‌కి ఆ వీలు లేదు. నేను చూసింది నమ్మలేకపోతున్నానని అరిచాడు. ఆ ఒక్క రాత్రికి నేను టీవీ ముందే కూర్చుంటాను.

మిగతా రాత్రులకి రేడియో చాలు. కానీ తెల్లారి పేపర్ తెప్పించుకోవడం మానను. కోఫాక్స్ ఆటలో అందరూ దాచుకుని మళ్లీ మళ్లీ వినేది ఆ తొమ్మిదో ఇన్నింగ్సే, అందులో కబ్స్ పిచ్చర్ బాబ్ హెండ్లీ ఉండడు. పేపర్లో ఆట మొత్తం అంకెల్లో వేసే పట్టికలో అతనికీ ఒక వరస ఉంటుంది: అతనిచ్చిన హిట్ (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం) ఒకే ఒక్కటి, పోయిన పరుగూ ఒక్కటే, అదీ తన క్యాచర్ విసిరిన తప్పు త్రో వల్ల. ఓటమి 1-0.