నార్కాన్ స్ప్రే: మా బడి స్టాఫ్‌రూమ్ నుంచి రివ్యూ

మా చెల్లె డాలస్ దగ్గర ఒక హైస్కూల్లో నర్సు. దసరాకు వచ్చినప్పుడు చాక్లెట్లతో పాటు ఒక చిన్న అట్టపెట్టె కూడా నా చేతిలో పెట్టింది. "టీచరువి కదక్కా, ఒకసారి చూసి పెట్టుకో" అంది. నార్కాన్ అనే ముక్కు స్ప్రే అది, హెరాయిన్ లాంటి మత్తుమందు ఎక్కువై ఊపిరి ఆగిపోతున్న మనిషిని బతికించేందుకు. మందు పేరు నలోక్సోన్. ఒక్కో స్ప్రేలో 4 మిల్లీగ్రాములు, పెట్టెకు రెండు. అమెరికాలో 2023 నుంచి డాక్టర్ చీటీ లేకుండానే అమ్ముతున్నారు. తను సుమారు 45 డాలర్లకు కొన్నదట.

నేను దేవరకొండ పక్కన జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. దీన్ని ఎవరి ముక్కులోనూ కొట్టే అవసరం రాలేదు, రాకూడదు కూడా. పెట్టె విప్పి, సగం పాడుచేసి నేర్చుకున్నది రాస్తున్నా.

పాడుచేసింది మా లెక్కల సారు. "పని చేస్తదో లేదో చూద్దాం మేడం" అంటూ సెంటు కొట్టినట్టు గాల్లోకి కొట్టేశాడు. ఒక్కో స్ప్రేలో ఒక్క డోసే ఉంటుంది, ముందుగా నొక్కి చూడొద్దని దాని సూచనల్లోనే ఉంది. మేమే చదవలేదు. దగ్గర దగ్గర రెండు వేల రూపాయలు గాల్లో కలిసిపోయాయి. ఆ నష్టం పక్కనపెడితే వస్తువు మాత్రం బ్రహ్మాండం. సూది లేదు, కలపడం లేదు, కొలవడం లేదు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, మన వేళ్ళు ముక్కుకు ఆనేదాకా గొట్టం లోపలికి పెట్టి కింద నుంచి నొక్కడమే. రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే రెండోది ఇంకో ముక్కురంధ్రంలో. చేతులు వణికే మనిషి కూడా చేయగలడు.

హెరాయిన్, ఫెంటానిల్ లాంటి నల్లమందు జాతి మత్తుమందులు మెదడులో కూర్చుని ఊపిరి తీసుకోవడమే మరిపిస్తాయి. నలోక్సోన్ వాటిని లేపి ఆ సీట్లో తాను కూర్చుంటుంది, మన ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ తీసి పక్కన పెట్టి కూర్చున్నట్టు. కాకపోతే 30 నుంచి 90 నిమిషాల్లో దిగిపోతుంది. మత్తు ఒంట్లో ఇంకా ఉంటే ఊపిరి మళ్ళీ మందగిస్తుంది. అందుకే లేచి కూర్చున్నా సరే, ఆసుపత్రికి పంపాల్సిందే.

టెక్సస్‌లో 6 నుంచి 12 తరగతులున్న ప్రభుత్వ బడుల్లో ఇలాంటి మందు ఉండాలని 2023లో చట్టమే చేశారు. అక్కడ నొప్పి బిళ్ళల్లా కనిపించే నకిలీ మాత్రల్లో ఫెంటానిల్ ఉంటోంది. పిల్లాడు ఒక్క మాత్ర మింగినా ప్రాణం మీదికి వస్తుంది.

మరి మాకు? నిరుడు తొమ్మిదో తరగతి పిల్లాడు ఊళ్ళో ఫంక్షన్‌లో కల్లు తాగి వచ్చి బెంచీ మీదే ఒరిగిపోయాడు. లేపితే లేవడు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేశాం. నా గుండె దడ ఆ సాయంత్రం దాకా తగ్గలేదు. ఈ స్ప్రే చూడగానే నాకు ముందు గుర్తొచ్చింది వాడే. "అప్పుడు ఇది ఉంటేనా" అన్నాను. చెల్లె తల అడ్డంగా ఊపింది. మన దగ్గర కల్తీ కల్లులో కలిపేది అల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్. అవి నల్లమందు జాతివి కావు, వాటి మీద నలోక్సోన్ పనిచేయదు. హాని చేయదు, అంతే. పత్తి చేనులో కొట్టే పురుగుమందుకూ ఇది విరుగుడు కాదు. నిజం చెప్పాలంటే నా ఉత్సాహం అక్కడే సగం చచ్చింది.

ఇంకో చిక్కు, ఎండ. దీన్ని 25 డిగ్రీల లోపు ఉంచాలి, అప్పుడప్పుడు 40 దాకా పోయినా పర్వాలేదు. మా నల్గొండ మే నెలలో 45 చూస్తుంది. స్టాఫ్‌రూమ్ ఇనుప బీరువా సంగతి చెప్పక్కర్లేదు.

వస్తువుకు 5కి 4.5. మా బడికి దాని అవసరానికి 5కి 1.

అయినా చెల్లె ఫోన్‌లో చూపించిన ఫోటో ఒకటి మనసులోంచి పోలేదు. వాళ్ళ బడి వరండాలో గోడకు డబ్బా, తాళం లేదు, ఎవరైనా తీయొచ్చు. మా ప్రథమ చికిత్స పెట్టె తాళం చెవి అటెండరు జేబులో ఉంటుంది, అతను సెలవు పెడితే పెట్టె కూడా సెలవే. మొన్న సోమవారం ఆ తాళం తీసేయించాను. మూత లోపల మత్తులో ఉన్నవాణ్ణి పక్కకు ఎలా తిప్పాలో బొమ్మ గీసి, కింద పెద్దక్షరాల్లో 108 రాసి అంటించాను. బొమ్మ వేసింది లెక్కల సారే. మిగిలిన ఆ ఒక్క డోసు మాత్రం మా ఇంట్లో, కూలర్ ఉన్న గదిలో ఉంది.