బంతి, చామంతి: వరంగల్ పెరట్లో ఏళ్ల తరబడి పెంచాక

బతుకమ్మను ఇంటి పూలతోనే పేర్చాలనుకునేవాళ్లు వానలు పడగానే నర్సరీకి పోయి బంతి నారు, చామంతి మొక్కలు కలిపి తెచ్చుకుంటారు, ఒకే మడిలో నాటుతారు. మార్కెట్లో రెండూ పక్కపక్క గంపల్లోనే ఉంటాయి కాబట్టి పెంపకం కూడా ఒకటే అనుకుంటారు. కానే కాదు. బంతి ఎప్పుడు పూయాలో మనం నిర్ణయించుకోవచ్చు. చామంతి ఎప్పుడు పూయాలో రాత్రి పొడవు నిర్ణయిస్తుంది. ఈ తేడా పట్టుబడితే మిగతా పనులు తేలిక.

ముందు బంతి లెక్క. విత్తనం నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది. 20 నుంచి 25 రోజులకు నాలుగైదు ఆకుల నారు తయారవుతుంది. హైబ్రిడ్ రకాలైతే నాటిన 35–40 రోజులకు తొలి పువ్వు విచ్చుకుంటుంది. తల తుంచితే, అంటే పక్క కొమ్మలు రావడానికి కొస గిల్లితే, పూత ఇంకో పది రోజులు ఆలస్యమవుతుంది. కాబట్టి బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల అమావాస్య నుంచి వెనక్కి 70–75 రోజులు లెక్కపెట్టి విత్తాలి. ఆ అమావాస్య 2023లో అక్టోబరు 14న, 2024లో అక్టోబరు 2న, 2025లో సెప్టెంబరు 21న వచ్చింది. ఒక ఏడు జూలై రెండో వారంలో పడాల్సిన విత్తనం ఇంకో ఏడు ఆగస్టు మొదట్లో పడాలన్నమాట. ఏటా జూన్‌లో, మృగశిర కార్తెలోనే వేస్తామంటే పూత ఆగస్టులోనే వచ్చి వానకు కుళ్లుతుంది, పండుగ నాటికి మొక్క ముసలిదైపోతుంది.

విత్తనం కొనేటప్పుడు రకం పేరు చూడాలి. పూసా నారింగి మంచి రకమే, కానీ విత్తిన నాలుగు నెలలు దాటాక గాని పూయదు. బతుకమ్మకు అది అందదు. ఇక మార్కెట్లో కొన్న ముద్దబంతి దండలోంచి విత్తనం తీసి దాచేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పూలు ఎక్కువగా హైబ్రిడ్లవి. వాటి విత్తనం మొలుస్తుంది గాని, తల్లిలా ముద్దగా పూయదు. సగం మొక్కలకు రేకలు పలచన, రంగు కూడా కలగాపులగం. నాటు బంతి విత్తనమైతే నిస్సంకోచంగా దాచుకోవచ్చు. పువ్వు చెట్టుమీదే పూర్తిగా ఎండాలి, విత్తనం నల్లగా సూదిలా ఉండాలి. తెల్లగా తేలిపోయేది తాలు.

నాటడానికి అడుగున్నర దూరం చాలు. చెల్క (ఎర్ర ఇసుక) నేలలో బంతికి పెద్ద సేవ అక్కర్లేదు. నల్లరేగడిలో మాత్రం బోదెలు తీసి వాటిమీదే నాటాలి, లేకుంటే ముసురు పట్టిన వారంలో మొదలు కుళ్లి మొక్క ఒక్కసారిగా వాలిపోతుంది. నాటిన నెలకు కొస రెండంగుళాలు గిల్లి, అదే రోజు మొదట్లోకి మట్టి ఎగదోయండి. మట్టి తగిలిన కాండం నుంచి కొత్త వేళ్లు పుడతాయి. పూల బరువుకు, గాలివానకు మొక్క పడిపోకుండా ఆపేవి అవే. పెంట ఎరువు నాటేముందు ఒకసారి వేస్తే సరిపోతుంది. పైపైన యూరియా చల్లితే నడుమెత్తు పెరిగి, ఆకే ఆకు, పువ్వు ఉండదు. మా పెరట్లో మంచి పూత ఇచ్చినవి ఎప్పుడూ బక్క నేలలోని మొక్కలే.

చామంతి సంగతి వేరు. దానికి విత్తనంతో పనిలేదు, పిలకలతోనో కొసల ముక్కలతోనో పెంచుతాం. జూన్ చివర్లో పాత మొదలు చుట్టూ వచ్చిన పిలకలను వేళ్లతో సహా విడదీసి నాటాలి. పిలకలు తక్కువుంటే రెండు మూడంగుళాల కొసలు కోసి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుకలో గుచ్చి నీడన పెట్టండి. రెండు మూడు వారాల్లో వేరు పడుతుంది. తొట్టిలో పెడితే పదంగుళాల తొట్టికి ఒక్క మొక్కే. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పెంట ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి. ఉత్త నల్లమట్టి నింపితే వానాకాలం దాటదు: కింది ఆకులు పసుపెక్కుతాయి, వేళ్లు నల్లబడతాయి, ఒక ఎండరోజున తల వేలాడేస్తుంది. అది చూసి ఇంకా నీళ్లు పోస్తే మొక్క పని అయిపోయినట్టే.

తల తుంచడం చామంతికి రెండుసార్లు: నాటిన నాలుగు వారాలకు, మళ్లీ మూడు వారాలకు. ఆగస్టు ఆఖరు తర్వాత గిల్లొద్దు. రాత్రులు పొడుగవుతున్నకొద్దీ అదే కొసలో మొగ్గ కూర్చుంటుంది, గిల్లితే మొగ్గనే తీసేసినట్టు. మామూలు రకాలు ఇక్కడ నవంబరు నుంచి జనవరి దాకా పూస్తాయి. బతుకమ్మకు సొంత చామంతి కావాలని ఆశపడొద్దు, దానికి కొనుక్కోవడమే దారి.

“ఆకులు ఏపుగా ఉన్నాయి, పువ్వే లేదు” అని చామంతి మీద వచ్చే ఫిర్యాదులో సగం వీధిదీపం వల్లే. చామంతికి నిడుపైన, తెగని చీకటి కావాలి. గేటు పక్కన తెల్ల ఎల్‌ఈడీ దీపం కింద ఉన్న తొట్టికి రాత్రి అయినట్టే తెలియదు. సెప్టెంబరు మొదట్లోనే ఆ తొట్టిని ఇంటి వెనక్కి మార్చండి. నేలలో ఉన్నదైతే పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా నల్లగుడ్డ కప్పాలి, మొగ్గల రంగు కనబడేదాకా రోజూ కప్పాలి. బంతికి ఈ బాధ లేదు, దీపం కిందా పూస్తుంది.

నర్సరీల్లో డిసెంబరులో గుండ్రంగా, జానెడెత్తున, నిండా పూసి కనబడే చామంతి తొట్లను చూసి మోసపోకండి. చాలావాటికి ఎదుగుదల ఆపే మందు వాడతారు. మరుసటి ఏడు అదే మొక్క రెండడుగులు లేస్తుంది. అది రోగం కాదు, దాని అసలు ఎత్తే అది. ఊతకర్ర పెట్టండి.

పురుగుల విషయంలో బంతికి ఎర్రనల్లి, చామంతికి పేనుబంక. వాన తెరిపిచ్చి ఎండ కాసినప్పుడు బంతి ఆకు పాలిపోయి, అడుగున సన్నని సాలెగూడు లాంటిది కనబడితే ఎర్రనల్లే. ఆకు అడుగు తడిసేలా నీళ్లు గట్టిగా కొట్టాలి. తగ్గకపోతే నీళ్లలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు, సాయంత్రం పూట. చామంతి లేత కొసల్లో, మొగ్గల కింద నల్ల పేను గుంపులుగా చేరుతుంది. చేరిన కొసలు తుంచి పారేసి, వేపనూనె లీటరుకు 5 మి.లీ., కొంచెం సబ్బునీళ్లతో కలిపి వారానికోసారి కొట్టండి. చామంతికి కింది ఆకుల నుంచి పైకి నల్లమచ్చలు పాకితే తప్పు నీళ్లు పోసే తీరుది. పైనుంచి చల్లకుండా మొదట్లో పోయాలి, మచ్చపడ్డ ఆకులు ఏరి కాల్చాలి. మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు మొగ్గ రాకముందే కొట్టుకోవాలి. బంతి పూత మొదలయ్యాక మాత్రం ఏ రసాయనమూ వద్దు. ఆ పూలను ఆడపిల్లలు చేతులతో పేరుస్తారు, తర్వాత అవి చెరువులో కలుస్తాయి.

కోసిన బంతి మూడు నాలుగు రోజులుంటుంది, చామంతి వారం దాకా వాడదు. దేవుడికి, జడకు చామంతే మేలు. కూరగాయలు వేసేవాళ్లకు మాత్రం బంతే ఉపకారి: వేళ్ల నుంచి వచ్చే పదార్థం నేలలోని నులిపురుగును తగ్గిస్తుంది, టమాట పక్కన వేస్తే కాయతొలిచే పురుగు తల్లి ముందు బంతి మీదే గుడ్లు పెడుతుంది. ఆ పువ్వులను పురుగుతో సహా తుంచేయడం మరువకూడదు.

ఒకే మడి ఉంటే నేల బంతికివ్వండి, చామంతిని తొట్లలో పెట్టండి. దీపావళి దాటాక బంతి పీకేసి అక్కడ టమాటనో వంకాయనో వేసుకోవచ్చు. చామంతి పూత అయిపోగానే నేలకు నాలుగంగుళాలు వదిలి కోసేసి, గుప్పెడు ఎరువు వేసి, మార్చి నుంచి మధ్యాహ్నపు ఎండ తగలని చోట పచ్చ వల (షేడ్‌నెట్) కింద ఉంచండి. 44 డిగ్రీల ఎండలో రోజూ పొద్దున్నే కొద్దిగా నీళ్లు చాలు. పైన ఎండినట్టున్నా తీసి పారేయకండి, తొలకరికి మొదట్లోంచి పిలకలు లేస్తాయి.