ప్యాకేజీ మామోగ్రామ్: బొమ్మ బాగానే తీస్తున్నారు, రిపోర్టే సగంలో ఆగుతోంది

హెల్త్ చెకప్ ప్యాకేజీలో భాగంగా డయాగ్నొస్టిక్ సెంటర్లు చేసే రొమ్ము ఎక్స్‌రే పరీక్ష, అంటే మామోగ్రామ్‌కి మా మార్కులు: తీయడానికి అయిదుకు నాలుగు, రిపోర్టుకి రెండున్నర.

ముందు తీయడం సంగతి. ఒక్కో రొమ్ముకి రెండు చొప్పున నాలుగు బొమ్మలు తీస్తారు, పైనుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి. ఏటవాలు బొమ్మలో ఛాతీ కండరం చనుమొన ఎత్తు దాకా కనబడాలి. కనబడలేదంటే వెనకభాగం కొంత బొమ్మలోకి రాలేదన్నమాట. గట్టిగా నొక్కేస్తారని చాలామంది బాధపడతారు కానీ, నొక్కితేనే కణజాలం పల్చగా పరుచుకుంటుంది, రేడియేషన్ తగ్గుతుంది, బొమ్మ చెదరదు. నెలసరి అయిన వారంలో వెళ్తే నొప్పి తక్కువ. ఆ రోజు పౌడరు, డియోడరెంటు వాడొద్దని అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. చంకలో మిగిలిన పౌడరు బొమ్మ మీద కాల్షియం చుక్కల్లా పడి, మళ్లీ తీయాల్సి వస్తుంది.

ఇక రిపోర్టు. చివర్లో బైరాడ్స్ నంబరు (బొమ్మలో కనిపించిన దాన్నిబట్టి రేడియాలజిస్టు వేసే అంకె) లేకుండా ఇస్తే తీసుకోకండి, అడిగి రాయించుకోండి. ఎక్కువ గందరగోళం 0 దగ్గరే. సున్నా కదా, ఏమీ లేదులే అనుకుని పక్కన పెట్టేస్తుంటారు. అది చాలా ప్రమాదం. 0 అంటే పరీక్ష ఇంకా పూర్తవలేదని: మరో కోణంలో బొమ్మో, అల్ట్రాసౌండో, పాత ఫిల్ములతో పోలికో మిగిలి ఉంది. అలాగని క్యాన్సరని కూడా కాదు. 1 అంటే మామూలుగా ఉంది. 2 అంటే ఏదో కనిపించింది గానీ హాని లేనిదే. 3లో క్యాన్సరయ్యే అవకాశం 2 శాతానికి మించదు, అందుకే ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు మళ్లీ చూస్తారు. మార్పు లేకపోతే 2లోకి దించుతారు. 4 నుంచి ముక్క పరీక్ష (బయాప్సీ) తప్పదు, అయితే క్యాన్సరయ్యే అవకాశం 4ఎకి 2 నుంచి 10 శాతం, 4సికి 50 నుంచి 95 శాతం. ఇంత తేడా ఉన్నా ఎ, బి, సి అక్షరం రాయకుండా ఉత్త 4 వేసి పంపడం అన్యాయం.

2 వచ్చినవాళ్లకు ఆ 'ఏదో' ఏమిటో విప్పి చెప్పడమే రేడియాలజిస్టు చేయాల్సిన పని. పేలాల్లాంటి ముతక కాల్షియం ముద్ద పాతబడిన ఫైబ్రోఎడినోమాది (క్యాన్సర్ కాని గడ్డ). జంట రైలుపట్టాల్లాంటి గీతలు రక్తనాళాల గోడల్లోని కాల్షియం. దెబ్బ తగిలిన చోటో, ఆపరేషన్ చేసిన చోటో గుడ్డు పెంకులాంటి అంచుతో కనిపించేది నూనె తిత్తి. చిక్కుడు గింజ ఆకారంలో, మధ్యలో కొవ్వుతో ఉండేది లింఫ్ గ్రంథి. నీటి తిత్తి మాత్రం మామోగ్రామ్‌లో గట్టి గడ్డ నుంచి విడిగా తెలియదు, అల్ట్రాసౌండ్‌లో లోపల నల్లగా, వెనక తెల్లగా కనబడితేనే తేలుతుంది. సన్నగా, ఎగుడుదిగుడుగా, గుంపుగానో కొమ్మలుగానో ఉన్న కాల్షియం చుక్కలు వేరు, వాటికి పెద్దది చేసి తీసే బొమ్మలు కావాలి.

రిపోర్టులో రొమ్ము సాంద్రత సి లేదా డి, అంటే కణజాలం దట్టంగా ఉందని రాసి ఉంటే తెల్లటి కణజాలంలో తెల్లటి గడ్డ దాక్కోగలదు. అలాంటివాళ్లకు అల్ట్రాసౌండ్ కూడా చేయించమని సలహా ఇవ్వని ప్యాకేజీ సగం ప్యాకేజీయే. చేతికి గడ్డ తగులుతుంటే 1 వచ్చినా ఆగకూడదు, సర్జన్‌కి చూపించాలి.

బొమ్మలు సీడీలో అడిగి తీసుకోండి, కాగితం మీది ప్రింటు పోలికకు పనికిరాదు. మరుసటిసారి వేరే సెంటరుకి వెళ్లినా ఆ సీడీని కౌంటర్లో కాకుండా రేడియాలజిస్టు టేబుల్ దాకా చేర్చండి. పాత బొమ్మ పక్కనుంటే చాలాసార్లు 0 రావాల్సింది 2తోనే తేలిపోతుంది.